రెండు కిలోల కండ

"నాన్నా! నెలలో రెండు కిలోల కండ పెరిగింది నీకు!"

ఆస్పత్రి డైటీషియన్ కండ కొలిచే మిషన్ ఇచ్చిన కాగితాన్ని ఊపుకుంటూ డయాలసిస్ గదిలోకి వచ్చింది. ఆమె తండ్రి ఒకప్పుడు పేరున్న దర్జీ. ఇప్పుడు వారానికి మూడుసార్లు ఈ మంచం మీద పడుకుని రక్తం శుభ్రం చేయించుకుంటాడు. కూతురి మాటకు ఆయన నవ్వాడు. ఆయన చేతికి సూది పెడుతున్న టెక్నీషియన్ మాత్రం నవ్వలేదు. అతనికి నోటిదూల ఎక్కువ.

"అది కండ కాదండీ, నీళ్లు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. ఆమె తనవైపు ఒక్కసారి చూస్తే చాలని అతను మూడు నెలలుగా కాచుకుని ఉన్నాడు. చూపు ఇలా వచ్చిపడుతుందని అనుకోలేదు.

"కొత్త మిషన్ చెప్పింది తప్పు, మీరు చెప్పింది రైటా?"

"చేతి నుంచి కాలికి కాస్త కరెంటు పంపి చూస్తుందండీ అది. నీళ్లెక్కువుంటే కరెంటు తేలిగ్గా పోతుంది. కండ నిండా నీళ్లే కదా, అందుకని ఒంట్లో చేరిన నీరు కూడా కండ కిందే లెక్కేస్తుంది. మీకూ నాకూ అయితే పర్లేదు. కాళ్లు వాచిన పేషెంటు దగ్గర బోల్తా పడుతుంది."

"ఇది చూసే, ఇంక అక్కర్లేదని ఇందాక ఆయన ప్రొటీన్ పౌడర్ ఆపేశాను," అంది. గొంతు కొంచెం తగ్గింది. వెంటనే పెంచింది. "రుజువేంటి?"

"పొద్దున కొలిచారుగా. డయాలసిస్ అయ్యాక మళ్లీ కొలవండి."

"తేడా రాకపోతే?"

"వార్డులో అందరి ముందూ సారీ చెప్తా."

"మైకులో."

"మైకు లేదండీ."

"అయితే అరవండి."

నాలుగు గంటల్లో ఆమె ఆ గది ముందు నుంచి ఆరుసార్లు వెళ్లింది. ఒక్కసారీ తల తిప్పలేదు. అతను లెక్కపెట్టాడు.

డయాలసిస్ ముగిసి, ఆయన అరగంట సేద తీరాక మళ్లీ కొలిచారు. కదలకుండా పడుకున్న మనిషి ఒంట్లోంచి రెండు కిలోల కండ మాయమైంది. ఆమె కాగితాన్ని రెండుసార్లు చదివింది. ముఖం వాడిపోయింది.

అతను గెలిచాడు. ఆ ముఖం చూశాక మాత్రం, ఓడిపోయి గొంతు చించుకుని అరిచే అదృష్టం తనకెందుకు పట్టలేదా అనిపించింది.

"నాకు తెలుసమ్మా," అన్నాడు తండ్రి మెల్లగా. "చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. దర్జీకి ఆ మాత్రం తెలీదా?"

"మరి చెప్పలేదేం?"

"ఆ కాగితం చూసి అంత మురిసిపోతుంటే నోరు రాలేదు."

ఆమె కళ్లు తుడుచుకుని పౌడర్ మళ్లీ రాసింది. పెద్ద డాక్టరు దగ్గరికెళ్లి తన పొరపాటు తనే చెప్పింది. వాపు తగ్గాకే కొలవాలని, టేపుతో జబ్బ చుట్టుకొలత కూడా తీయాలని కొత్త పద్ధతి పెట్టించింది. మూడు నెలలకు తండ్రి జబ్బ అర అంగుళం లావెక్కింది. ఈసారి అది కండే.

ఆ రోజు ఆమె మంచం దగ్గర నిలబడి, "కొలిచేటప్పుడు ఇకమీదా మీరు పక్కనుండాలి," అంది.

"ఎందుకండీ, మీకు వచ్చేసిందిగా?"

"వచ్చినా సరే."

"ఎన్నాళ్లు?"

ఆమె నేల చూపులు చూసింది.

తండ్రి కళ్లు మూసుకునే అన్నాడు. "జీవితాంతం అని చెప్పెయ్యమ్మా. మీ నసుగుడు వినలేక చస్తున్నా. లేచెళ్దామంటే చేతికి సూదులు."

"విన్నారుగా," అంది ఆమె అతనితో. "నాన్న లేచి వెళ్లేలోపు ఏదో ఒకటి చెప్పండి."

అతను చెప్పాడు. "జీవితాంతం!" అని వార్డంతా వినేలా అరిచాడు.