పాతది చూపించండి

కొత్త డ్రైవ్ బిగించడం బ్రహ్మవిద్యేం కాదు. నాలుగు మరలు, రెండు తీగలు. మధ్యాహ్నం భోజనాలయ్యి, అత్త తన గదిలో నడుం వాల్చాక కోడలు కంప్యూటర్ పెట్టె మూత తెరిచి ఆ పని కానిచ్చింది. బయట ముసురు. గదిలో తడిగోడ వాసనా, పెట్టెలోంచి లేచిన పాత దుమ్ము వాసనా కలిసిపోయి ఉన్నాయి.

ఆ ఇంటికి ఆమె రెండో కోడలు. రెండో కొడుకు భార్య అనుకునేరు, కాదు. ఉన్న ఒక్క కొడుక్కే రెండో భార్య. మొదటామె పోయి మూడేళ్ళయింది. చూసి ఎరగకపోయినా ఆమెను మనసులో "అక్క" అనే అనుకునేది. అది మర్యాద. వచ్చి ఎనిమిది నెలలైనా ఇంట్లో ఏదీ తనదనిపించలేదు. అద్దం అక్కది, అలమార అక్కది, ఈ కంప్యూటరూ అక్కదే. దానికి ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. చన్నీళ్ళలో నాని తిమ్మిరెక్కిన చేతుల్లా రోజులు గడిచిపోతున్నాయి.

ఇన్నాళ్ళకు ఒక పుస్తకాల సంస్థవాళ్ళు పది పేజీలు టైపు చేసి సాయంత్రం ఆరులోగా పంపమన్నారు. నచ్చితే ఉద్యోగం. తనదంటూ ఒక్క పని. సరిగ్గా అప్పుడే పాత డ్రైవ్ చచ్చి ఊరుకుంది.

సొరుగులో కంప్యూటర్‌లోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ డిస్కులు రెండు దొరికాయి. కవరు మీద అక్క చేతిరాత, పూరీల్లా గుండ్రంగా ఉబ్బిన అక్షరాలు. మొదటి డిస్కు పెట్టింది. అది గిర్రున తిరిగి తిరిగి ఒక మాట చూపించింది.

"ఇది అప్‌గ్రేడ్ డిస్కు. పాతది చూపించండి."

కొత్త డ్రైవ్‌లో పాత సాఫ్ట్‌వేర్ ఎక్కణ్ణుంచి వస్తుంది? పాత డిస్కు కోసం ఇల్లంతా గాలించి, దొరక్క చివరికి కంప్యూటర్ మెకానిక్‌కు ఫోన్ చేసింది.

"దాని బుద్ధే అంతమ్మా," నవ్వాడతను. "ఖాళీ ఇంట్లో అడుగుపెట్టదు. అంతకుముందు ఎవరో ఒకరు కాపురం చేసి ఉండాలి."

ఆమె నవ్వలేదు. "మరెలాగండీ?"

"లేని పాతదాన్ని మనమే పుట్టిద్దాం. డిస్కు నంబరు అడిగితే ఖాళీగా వదిలేసి ఒకసారి ఎక్కించండి. దాని మీదే మళ్ళీ ఎక్కించండి. రెండోసారి దానికి పాతది కనబడుతుంది, నోరు మూసుకుంటుంది."

"పేరు అడుగుతుందేమో?"

"ఏదో ఒకటి కొట్టండి. ఎలాగూ తీసిపారేసేదేగా."

చెప్పినవన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుంది. ఆమె అక్షరాలు చిన్నవి, చీమలబారులా ఉంటాయి.

మొదటిసారి ఎక్కేటప్పుడు పేరు అడిగింది. ఆలోచించే పనే లేనట్టు వేళ్ళు వాటంతటవే "అక్క" అని కొట్టాయి. ఇంకో గంట పడుతుందంది తెర. ఆమె లేచి టీ పెట్టడానికి వెళ్ళింది.

"అమ్మాయ్, అయిందా నీ మరమ్మతు?" గదిలోంచి అత్త గొంతు.

"లేదత్తయ్యా, ఇంకా ఎక్కుతోంది."

"మరి టైపు కొడుతున్నావుగా."

ఆమె రెండు చేతులూ వేడి గిన్నె మీద ఉన్నాయి.

అత్తకు చూపు మందగించింది కానీ చీమ తుమ్మినా వినబడుతుంది. "అచ్చం పెద్ద కోడలు కొట్టినట్టే కొడుతున్నావే. మాటకోసారి ఎడం బొటనవేలితో ఒక్క దెబ్బ వేసేది. బల్ల అదిరేది."

ఆమె గిన్నె దించి చెవులు రిక్కించింది. ముసురు చప్పుడు. దాని కింద...

టక టక టక... ఠప్.

టక టక... ఠప్.

గుమ్మం దాకా వెళ్ళింది. ఆగిపోయింది. కుర్చీ ఖాళీ. తెర మీద అంకెలు నెమ్మదిగా పెరుగుతున్నాయి, అంతే. భయం పుట్టాల్సిన చోట ఏమీ పుట్టలేదు. వేళ్ళు మాత్రం కాస్త తిమ్మిరెక్కాయి.

రెండోసారి ఎక్కించింది. ఈసారి పాతది చూపించమనలేదు. ఒక్కటే అడిగింది.

"ఇక్కడ ముందే ఒకరున్నారు. ఉంచాలా? తీసేయాలా?"

ఆమె మౌస్ మీద చెయ్యి వేసింది. ఒక్క నొక్కు. ఇంత ఇంట్లో అక్క లేని చోటు ఒక్కటుంటుంది. ఆ ఒక్కటీ చాలు.

"తీసేయాలి" అని నొక్కింది.

తెర నల్లబడి మళ్ళీ వెలిగింది.

"చెల్లిని తీసేస్తున్నాం. నాలుగు శాతం."

ఆ మాట ఆమె కొట్టలేదు. తల్లిదండ్రులకు ఒక్కతే బిడ్డ. ఆమెను చెల్లీ అని పిలిచేవాళ్ళు ఈ లోకంలో ఎవరూ లేరు.

వంగి ప్లగ్గు పట్టుకుంది. పట్టుకున్నట్టు కంటికి కనిపిస్తోంది. వేళ్ళకు తెలియడం లేదు.

ముప్పై.

పుట్టింటి తలుపు రంగు గుర్తుకు తెచ్చుకోబోయింది... పచ్చదా, నీలమా?

యాభై ఎనిమిది.

అమ్మ తనను ఏమని పిలిచేది? ఏదో ముద్దుపేరు... నాలిక చివరిదాకా వచ్చి...

తొంభై.

నొప్పి లేదు. అసలేమీ లేదు.

ఆరుకు ఐదు నిమిషాలున్నాయనగా భర్త తడిసి ఇంటికొచ్చాడు. ఆమె టైపు చేస్తోంది.

"అయిందా?"

"ఆఖరి పేజీ. ఇదిగో, పంపేశాను."

"ఎన్నాళ్ళకు విన్నానురా ఈ చప్పుడు," గదిలోంచి అంది అత్త. "మళ్ళీ ఇల్లు ఇల్లులా ఉంది."

అతను చొక్కా విప్పబోతూ ఆగి, ఆమె ఎడం బొటనవేలి వంక చూశాడు.

ఆమె కీబోర్డు కింద ఉన్న కాగితాన్ని లాగి, దీపం దగ్గర పెట్టుకుని, కళ్ళు చిట్లించి చూసింది.

"ఏమండీ, ఇంటికెవరైనా వచ్చారా? చీమలబారులా ఉంది... ఈ రాత ఎవరిది?"