ఆల్చిప్పా, ఉల్లంకి పిట్టా

"నీ ఉల్లంకి పిట్టకేం? చెరువు ఎండితే ఎగిరిపోతుంది. నా ఆల్చిప్పకి కాళ్ళున్నాయా, రెక్కలున్నాయా?"

చాట్రాయి వాగులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, మొదటిరోజే రవికిరణ్‌తో గొడవేసుకుంది యోగిత. ఇద్దరిదీ ఒకే సర్వే. అతను చెరువు ఒడ్డున చలికాలం వలసొచ్చే ఉల్లంకి పిట్టల్ని లెక్కపెడతాడు, ఆమె ఓ రకం పొడుగు ఆల్చిప్ప కోసం వెతుకుతుంది. రెండూ అంతరించిపోతున్నవే.

"ఎగిరి ఎక్కడికెళ్తుందండీ? అంత దూరం నుంచొచ్చి చూస్తే చెరువు చేపలగుంట అయ్యుంటుంది. మీది నయం, ఉన్నచోటే పోతుంది."

"అబ్బ, ఎంత చల్లని మాట!"

ఆ పోట్లాట కోసమే రవి రోజూ తల దువ్వుకుని బయల్దేరేవాడు. మే వచ్చేసరికి 'అండీ' పోయింది. పిట్టలూ వెళ్ళిపోయాయి. ఆల్చిప్పలు మాత్రం అన్నీ ఖాళీవే దొరికాయి. శుక్రవారంలోగా బతికున్నది ఒక్కటి దొరికితే సర్వే ఇంకో రెండేళ్ళు. లేకపోతే యోగిత బెంగళూరు వెళ్ళిపోతుంది.

బుధవారం పొద్దున, వానలో, వాగంతా వెతుకుతున్న రవి కాలికి తగిలింది. పొడుగు ఆల్చిప్ప! ముట్టుకోగానే నోరు మూసుకుంది.

వెంటనే ఫోన్ చెయ్యాల్సింది. చేతిలో పెట్టి ఆమె మొహం చూడాలన్న పిచ్చి! బకెట్‌లో వాగునీళ్ళతో రెడ్డిగూడెంలో తనింటికి తెచ్చి, పెరట్లో పెట్టి, ఆమె కోసం పరిగెత్తాడు.

ఇద్దరూ వచ్చేసరికి రవి నాయనమ్మ నాగేశ్వరమ్మ మాగాయకి మామిడికాయలు చెక్కుతోంది. చేతిలో, చాకుకి బదులు, ఆల్చిప్ప. రాతిమీద అరగదీసిన కొత్త చిల్లులోంచి పచ్చటి చెక్కు జారుతోంది.

"ఎంత మంచిది తెచ్చావురా! ఇలాంటిది చూసి ఎన్నేళ్ళయిందో. లోపలిది కోళ్ళకేశాను."

యోగిత చిప్ప అందుకుని చూసింది. లోపల ఇంకా తడిగానే ఉంది.

"అక్కడ ఇంకోటి ఉందా?"

"చేతులు నానిపోయేదాకా వెతికా. లేదు."

"ఫోటో?"

"నీ చేతిలో పెట్టాక తీద్దామని..."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది రవికి. చిప్పని నాగేశ్వరమ్మ చేతికే ఇచ్చేసింది.

"కానివ్వండి మామ్మగారూ. ఇంకా కాయలున్నాయిగా."

శుక్రవారం హనుమాన్ జంక్షన్‌లో ఆమె ఎక్కిన బస్సు కిటికీ పట్టుకుని చెప్పాడు రవి. "నువ్వంటే నాకు ప్రాణం."

"తెలుసు. బకెట్ చూసినప్పుడే తెలిసింది." ఆమె కళ్ళు నిండాయి.

"చలికాలం ఉల్లంకులు తిరిగొస్తాయి. నువ్వు?"

"వాటికింకా చెరువుంది రవీ."

బస్సు కదిలింది. రవి చెయ్యి కిటికీ మీంచి జారిపోయింది.