మాట పూచీ

మధ్యాహ్నం రెండు కాగానే కళ్ళజోళ్ళ షాపు షట్టరు సగానికి దిగేది. నాలుగింటికి మళ్ళీ లేచేది. ఆ రెండు గంటలూ తమ్ముడు తిని కునుకు తీస్తాడని పైవాటాలో ఉండే అక్క నమ్మకం. వారంలో ఆరు రోజులు ఆ నమ్మకం నిజమే. మంగళవారం కునుకు మాత్రం వేరే చోట పడేది.

షాపాయనకి నలభయ్యారేళ్ళు. తనకి మగవాళ్ళంటేనే ఇష్టమన్న సంగతి ఆయనకి తెలుసు. అక్కకి తెలియదు, తెలిసినా తెలియనట్టే ఉంటుంది. ప్రేమించడం, అలగడం, బతిమాలడం, ఆ ముచ్చట్లన్నీ ముప్పైల్లోనే తీర్చుకుని, ఇక చాలు బాబోయ్ అని దండం పెట్టేశాడు. అప్పట్నుంచీ డబ్బు తీసుకుని వచ్చే ఎస్కార్టులనే పిలిచేవాడు. అందులో ఆయనకి సిగ్గూ లేదు, గొప్పా లేదు. కంటికి నంబరు చూడ్డానికి ఒక పద్ధతి ఉన్నట్టే ఈ పనికీ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. బేరమాడకూడదు. కవరు అడక్కముందే టేబుల్ మీద పెట్టాలి. స్నానం చేసి వెళ్ళాలి, తాగి వెళ్ళకూడదు. అవతలివాడు ఏం వద్దంటాడో ముందే కనుక్కోవాలి, వద్దన్నది మళ్ళీ అడక్కూడదు. అసలు పేరు జోలికి పోకూడదు. వచ్చినవాణ్ణి కొత్తల్లుడిలా చూసుకోవాలి, అలకలు మాత్రం ఇద్దరూ మానుకోవాలి.

ఇవన్నీ ఒకెత్తు, పూచీ ఒకెత్తు. ఎస్కార్టుని ఎవరైనా కొత్తవాడు పిలిస్తే, పాతవాడొకడు అతనికి పూచీ పడాలి. కాగితం లేదు, సంతకం లేదు. ఒక ఫోను, ఒక ప్రశ్న. "మంచివాడేనా?" ఆ జవాబు పట్టుకునే అవతలివాడు ముక్కూ మొహం తెలియని మనిషి గదిలోకి అడుగుపెడతాడు. పోలీసులు లేరు, యూనియన్ లేదు. వాళ్ళకున్న రక్షణంతా ఆ ఒక్క మాటే.

మూడేళ్ళుగా షాపాయన పిలిచింది ఒక్కణ్ణే. అందరూ ఈతగాడు అనేవారు. ముప్పై ఒక్కేళ్ళవాడు, పొద్దున్నపూట కొలనులో పెద్దవాళ్ళకి ఈత నేర్పేవాడు. ఎంత సబ్బు రుద్దుకున్నా ఒంటిమీద బ్లీచింగ్ వాసన పోయేది కాదు. షాపాయన డాక్టరు కాదని తెలిసీ "డాక్టరుగారూ, డాక్టరుగారూ" అని ఏడిపించేవాడు. మనిషి నవ్వితే గదిలో గాలి తేలికయ్యేది.

ఎనిమిది నెలల కిందట ఒక సోమవారం, పదకొండు దాటాక, వాడు ఫోన్ చేశాడు. షాపులో రద్దీగా ఉంది. కౌంటరు ముందు ఒకావిడ రెండు ఫ్రేములు పట్టుకుని, ఏది బాగుందో తేల్చుకోలేక, "ఇంకెంతసేపండీ?" అని ఈయన్నే గదమాయిస్తోంది.

"డాక్టరుగారూ, ఇంజినీరంట. మీ పేరు చెప్పాడు. మంచివాడేనా?"

ఇంజినీరు మొహం షాపాయన చూడలేదు. పిలిచేవాళ్ళంతా కలిసి మాట్లాడుకునే ఫోన్ గ్రూపులో నాలుగు నెలల పరిచయం, అంతే. మర్యాదగా రాసేవాడు, పొద్దున్నే ఒక జోకు పంపేవాడు. ఆవిడ ముందు ఈ మాటలు సాగదీయడం ఇష్టంలేక, షాపాయన తొందరగా అనేశాడు.

"ఆ, ఆ. మంచివాడే. వెళ్ళు."

మర్నాడు పేపర్లో ఒక మూల నాలుగు లైన్లు పడ్డాయి. పోస్టాఫీసు వెనక రోజు లెక్కన అద్దెకిచ్చే అపార్ట్‌మెంటులో, నాలుగో అంతస్తులో, స్నానాల తొట్టిలో మునిగి, కొలనులో ఈత నేర్పే ఒక యువకుడి మృతి. ప్రమాదం. ప్రమాదమట! వందలమందికి ఈత నేర్పినవాడు మోకాలి లోతు నీళ్ళలో ప్రమాదవశాత్తూ మునిగిపోయాడట! అది రాసినవాడి చెయ్యి, నమ్మినవాడి బుర్ర, రెండూ పాడుగాను. అరికాలి మంట నెత్తికెక్కి షాపాయన స్టేషన్‌కి పరిగెత్తాడు.

"చచ్చినవాడి పేరు?" ఫిర్యాదులు రాసుకునే రైటరు అడిగాడు.

"ఈతగాడంటారు."

"అసలు పేరు?"

"తెలీదు."

"మీకేమవుతాడు?"

"ఇంజినీరని ఒకడు పిలిచాడండీ. వాడే చంపాడు."

"వాడి పేరు?"

"తెలీదు."

"ఎలా ఉంటాడు?"

"చూడలేదు."

రైటరు పెన్నుకి మూత పెట్టేసి పక్కవాడికి కన్ను కొట్టాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వుకి షాపాయన విసురుగా లేచాడు. బయటికొచ్చి మెట్లమీద నిలబడితే అసలు మంట అప్పుడు మొదలైంది. పేరు తెలీదు, మొహం తెలీదు, ఇంటి గుమ్మం తెలీదు. ఏమీ తెలియనివాణ్ణి మంచివాడన్నాడు. రైటరు మీద కోపం సాయంత్రానికి తగ్గింది. తనమీద కోపం తగ్గలేదు. ఇంజినీరు నంబరు అప్పటికే పనిచేయడం మానేసింది.

రెండు వారాలు గడిచాయి. సోమవారం, పదకొండు దాటింది. ఫోన్ మోగింది. తెరమీద పేరు... ఈతగాడు.

ఎవడో వాడి ఫోన్ కొట్టేసి ఆటలాడుతున్నాడనుకున్నాడు. తిట్టడానికి నోరు తెరిచి ఫోన్ ఎత్తాడు. అటువైపు నీళ్ళు పడుతున్న చప్పుడు. సన్నగా, దగ్గరగా. ఆ తర్వాత గొంతు.

"డాక్టరుగారూ... ఇంజినీరంట... మంచివాడేనా?"

షాపాయన చేతిలో ఫ్రేము కింద పడింది. "వెళ్ళకు!" అని అరిచాడు. షాపులో అందరూ తిరిగి చూశారు. "వెళ్ళకురా! వాడు చంపేస్తాడు! వింటున్నావా?"

జవాబుగా ఫోన్లోంచి ఆయన గొంతే వినిపించింది. తొందరగా, విసుగ్గా... "ఆ, ఆ. మంచివాడే. వెళ్ళు." ఆ వెనకే ఒకావిడ గొంతు. "ఇంకెంతసేపండీ?"

ఫోన్ ఆగిపోయింది. షాపులో మాత్రం బ్లీచింగ్ వాసన సాయంత్రం దాకా పోలేదు.

అప్పట్నుంచీ ప్రతి సోమవారం అంతే. షాపాయన బతిమాలాడు, తిట్టాడు, కాళ్ళు పట్టుకుంటానన్నాడు. ఏమన్నా సరే, అవతలికి చేరేది ఆ పాత జవాబే. ఫోన్ ఆపేసి సొరుగులో పడేస్తే సొరుగులోంచే మోగింది. నంబరు మారిస్తే కొత్తదానికీ వచ్చింది. ఏడు నెలలు! భయం మొదటి నెలలోనే అరిగిపోయింది, మిగిలింది కోపమే. ఇంజినీరు కనిపిస్తే చేతులతోనే గొంతు నులిమేస్తానని అద్దాలు తుడుస్తూ గొణుక్కునేవాడు. తమ్ముడికి గాలి సోకిందని అక్క అనుమానం. ఈ ఒక్క విషయంలో ఆవిడ అనుమానం సరైనదే.

మొన్నామధ్య ఒక సోమవారం ఫోన్ మోగితే తెరమీద తెలియని నంబరుంది.

"అండీ, నమస్తే. నేను నర్సునండీ, ఈ పని కూడా చేస్తుంటాను. ఒకాయన మీ పేరు చెప్పారు. ఇంజినీరంట. పోస్టాఫీసు వెనక, నాలుగో అంతస్తు. మంచివారేనా?"

బతికున్న మగగొంతు. వెనక బస్సుల హారన్లు. షాపాయనకి ఒళ్ళంతా మండిపోయింది. ఆ దొంగవెధవ తన పేరునే వాడుకుంటున్నాడు, ఇంకా!

"వెళ్ళొద్దు! వాడు హంతకుడు! అక్కణ్ణుంచి వచ్చెయ్!"

"అమ్మయ్య. మంచివాడన్నారు, అది చాలండీ. థాంక్స్."

కట్ అయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మెసేజీ కొట్టాడు, వెళ్ళొద్దు అని. పంపాక చూస్తే తెరమీద రెండక్షరాలే ఉన్నాయి. వెళ్ళు.

షాపు అలాగే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా, ఆటో ఎక్కాడు. మాట పనికిరానప్పుడు మనిషే వెళ్ళాలి. ఒకడు పోయాడు. ఇంకొకడు తన మాట మీద పోకూడదు. దారంతా ఆయన పళ్ళు కొరుకుతూనే ఉన్నాడు.

పట్టపగలు పన్నెండింటికి ఆ నాలుగో అంతస్తు చీకటిగా ఉంది. వరండా పొడుగునా పాత తివాచీ. కిటికీలు లేవు. ఎక్కడో నీళ్ళు పడుతున్నాయి. నడుస్తుంటే పాదాల కింద తివాచీ చిత్తడిగా తగిలింది. ముందుకెళ్ళేకొద్దీ తడి ఎక్కువైంది. చివరి తలుపు దగ్గర బ్లీచింగ్ వాసన ముక్కుల్ని కోసేస్తోంది.

రెండు చేతులతో బాదాడు. తలుపు తెరుచుకుంది. ముప్పై దాటిన మనిషి, శుభ్రంగా దువ్విన జుట్టు, భుజాన సంచి.

"నర్సువేనా?" షాపాయన గుసగుసగా అడిగాడు.

"మీరెవరండీ?"

"కళ్ళజోళ్ళాయన్ని. పద. బయటికి పద."

"మీరేగా ఇందాక మంచివాడన్నది..." నర్సు కూడా గొంతు తగ్గించాడు. "ఆయన తొట్టిలో నీళ్ళు పెడుతున్నారు. కూర్చోమన్నారు."

స్నానాల గది తలుపు మూసి ఉంది. దాని వెనక ఒకడు ఈల వేస్తున్నాడు, నిమ్మకు నీరెత్తినట్టు. షాపాయన చేతులు పిడికిళ్ళయ్యాయి. ఎనిమిది నెలల కోపానికి ఇన్నాళ్ళకి ఒక అడ్రసు దొరికింది. తలుపు వైపు రెండడుగులు వేశాడు.

ఈల ఆగిపోయింది.

నీళ్ళు తొణికాయి... ఒక్కసారి. పెద్దగా.

తర్వాత ఇంకో గొంతు. మెత్తగా, ఓపిగ్గా, కొత్తవాళ్ళకి నేర్పే గొంతు.

"భయపడకండి సార్... తల లోపలికి... ఊపిరి పట్టండి... ఒకటి... రెండు..."

ఆ గొంతు ఎవరిదో షాపాయనకి తెలుసు.

"పదకొండు... పన్నెండు..."

అరచెయ్యి గచ్చుని కొడుతోంది. టప్. టప్. టప్.

"లోపల ఎవరో మునిగిపోతున్నారు!" నర్సు సంచి పడేసి ముందుకు దూకాడు. "తియ్యండి! తలుపు తియ్యండి!"

గడియ బయటివైపే ఉంది. వేసి ఉంది. షాపాయన చెయ్యి దానికి జానెడు దూరంలో ఉంది. లాగితే వస్తుంది. ఆయన లాగలేదు. నర్సు చెయ్యి చాస్తే ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి విరిచాడు.

"ముప్పై ఎనిమిది... ముప్పై తొమ్మిది... బాగా చేస్తున్నారు సార్..."

టప్... టప్...

"వదలండి! చచ్చిపోతాడు!"

"చావనీ," అన్నాడు షాపాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయనకి హాయిగా అనిపించింది. దాచడం దేనికి, నిజంగానే హాయిగా అనిపించింది.

నర్సుని ఈడ్చుకుంటూ వరండా దాటించి, మెట్లు దించి, రోడ్డు మీద ఎండలో నిలబెట్టాకే చెయ్యి వదిలాడు. లెక్క మూడో అంతస్తు దాకా వినిపించింది. నర్సు ఆయన మొహంలోకి ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

మంగళవారం పేపర్లో ఏమీ రాలేదు. బుధవారం, గురువారం రాలేదు. తర్వాతి సోమవారం పదకొండు దాటింది, ఫోన్ మోగలేదు. షాపాయన చాలాకాలానికి కడుపునిండా తిన్నాడు. ఆ రోజు బేరాలకొచ్చిన వాళ్ళతో జోకులు కూడా వేశాడు.

మంగళవారం మధ్యాహ్నం, రెండు దాటి ముప్పావుగంట, నర్సు ఫోన్ చేశాడు.

"మీకు చెబుదామని చేశానండీ. ఇందాక ఒకతను ఫోన్ చేసి మీ గురించి అడిగాడు. మిమ్మల్ని డాక్టరుగారు అన్నాడు. వెనకంతా నీళ్ళ చప్పుడు. మంచివాడేనా అని అడిగాడు."

"నువ్వేం చెప్పావు?"

"ఏం చెప్పనండీ? నాకోసం చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు, నిజమే. లోపల మనిషి కొట్టుకుంటుంటే తలుపు తియ్యనివ్వలేదు, అదీ నిజమే. రోజూ చావుబతుకుల మధ్య పనిచేసేవాణ్ణి, తెలియనిదానికి పూచీ పడలేను. నాకు తెలీదు, వెళ్ళి మీరే చూసుకోండి అన్నాను."

ఆ జవాబులో తప్పుపట్టడానికి ఏమీ దొరకలేదు. ఎనిమిది నెలల కిందట షాపాయన చెప్పాల్సింది సరిగ్గా అదే. అయినా కోపం తెచ్చుకుందామని చూశాడు. నర్సు మీద, రైటరు మీద, ఇంజినీరు మీద, ఆ ఫ్రేములావిడ మీద. ఎవరి మీదా రాలేదు. ఇన్నాళ్ళూ ఆ కోపమే తనని నిలబెట్టిందని అప్పుడు తెలిసింది. అది పోయాక కుర్చీలో కూలబడ్డాడు.

ఫోన్ పెట్టేసి గుమ్మం వైపు చూశాడు. సగం దించిన షట్టరు కింద, బయట మెట్టుమీద, చెప్పుల్లేని పాదాలు కనిపించాయి. పిలిస్తేనే లోపలికి వస్తామన్నట్టు కదలకుండా నిలబడ్డాయి. మెట్టంతా ఎండ కాస్తోంది. ఆ పాదాల కింద మాత్రం నీళ్ళు ఆరడం లేదు. బ్లీచింగ్ వాసనతో పాటు సన్నగా ఒక ఈల కూడా లోపలికొస్తోంది.

నాలుగు పాదాలున్నాయి.