ఉంగరం పట్టుకునే చెయ్యి

"నాన్నా, టీ చల్లారిపోతోంది!"

"అక్కడ పెట్టు టీచరమ్మా. పది నిమిషాల పని."

వంటింటి కిటికీలోంచి చూసి కూతురు నిలబడిపోయింది. నాలుగు నెలలుగా కారు మీద కప్పి ఉన్న ముసుగు మడతపడి గోడ మీద ఉంది. తండ్రి బానెట్ ఎత్తి, పాత బ్యాటరీ పైకి తీసి, టెర్మినళ్ళకు పట్టిన తెల్లటి బూజును పాత టూత్‌బ్రష్షుతో రుద్దుతున్నాడు. పక్కనే అట్టపెట్టెలో కొత్త బ్యాటరీ.

ఆమె బడిలో లెక్కలు చెబుతుంది. ఆయన నలభై ఏళ్ళు బస్సుల డిపోలో మెకానిక్‌గా చేశాడు. ఊరందరి బండ్లూ ఆయన చేతిలో పడితే లేచి పరుగెత్తేవి. సొంత కారుకు మాత్రం ఎప్పుడూ "రేపు చూద్దాం".

అమ్మకు గుండె నొప్పి వచ్చిన తెల్లవారుజామున కారు టిక్కుటిక్కుమని ఊరుకుంది. అంబులెన్సు వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతా అయిపోయాక, చుట్టాల మధ్యలో కూతురు అనేసింది, "నీ రేపే అమ్మను తీసుకుపోయింది నాన్నా" అని. అప్పటినుంచి ఆ ఇంట్లో మాటలు టీ, భోజనం, తాళంచెవులు దాటలేదు.

ఆమె గ్లాసు పట్టుకుని బయటికి వచ్చింది. కొత్త బ్యాటరీ అప్పటికే కూర్చుంది. ఆయన నల్ల తీగ బిగించేసి, ఎర్ర తీగను స్పానరుతో బిగిస్తున్నాడు. స్పానరు రెండో కొస బండి రేకుకు తగిలింది. చిటపటమని నిప్పురవ్వలు లేచాయి.

"నాన్నా!" గ్లాసు చేతిలోంచి జారిపోయింది.

"ఏం కాలేదు, ఏం కాలేదు" అన్నాడాయన చెయ్యి విదిలించుకుంటూ.

"ఏం కాలేదా? తీసేటప్పుడు నలుపు ముందు, పెట్టేటప్పుడు ఎరుపు ముందు అని నాకు ఎక్కాలకంటే ముందు నేర్పింది ఎవరు? ఇదేంటి, ఉంగరం కూడా తీయలేదు! అది రేకుకు తగిలుంటే వేలే కాలిపోయేది కదా!"

ఆయన తల దించుకున్నాడు. "తీసి ఎక్కడ పెట్టనే? పట్టుకునే మనిషి లేదుగా."

నాన్న స్పానరు పట్టినప్పుడల్లా అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని వచ్చి, అరచెయ్యి చాచి నిలబడేది. పని అయ్యేదాకా ఆ ఉంగరం ఆమె గుప్పిట్లోనే ఉండేది. తిరిగి తొడుగుతూ ప్రతిసారీ ఒకే మాట, "ఇది ఎన్నో పెళ్ళండీ మనకు?" ఆయన ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే నవ్వేవాడు.

"ఎందుకిప్పుడు పెట్టుకున్నావీ పని?" గొంతు తగ్గించి అడిగింది.

"నువ్వు రోజూ ఎండలో నడిచి బడికి పోతున్నావు. దీన్ని చూడకుండా తల తిప్పుకుని పోతున్నావు. దీన్ని కాదులే, నన్ను. బాగుచేస్తే కనీసం బండి వైపైనా చూస్తావనుకున్నా." స్పానరు కింద పెట్టేశాడు. "ఒక్క రోజు ముందు మార్చి ఉంటే మీ అమ్మ..."

ఆమె అక్కడే, టీ ఒలికిన నేల మీద కూలబడిపోయింది.

"మార్చినా ఇంతే నాన్నా. డాక్టరు ఆ రోజే చెప్పింది. ఇంటి పక్కనే ఆసుపత్రి ఉన్నా అమ్మ ప్రాణం నిలబడేది కాదంది. నువ్వప్పుడు మందుల కోసం కిందికి పోయావు."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఆ రోజే చెప్పిందా?"

"ఆ రోజే."

"మరి నాలుగు నెలలు..."

"ఎవరిమీదో ఒకరిమీద కోపం లేకపోతే బతకలేననిపించింది. నువ్వే దొరికావు." వెక్కిళ్ళ మధ్య మాటలు తెగిపోయాయి. "నన్ను కొట్టు నాన్నా."

ఆయన కొట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు. గోడకు ఆనుకుని నిలబడి, చిన్నపిల్లాడిలా మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. నాలుగు నెలల్లో ఆయన ఏడవడం ఆమె చూడడం ఇదే మొదలు.

కాసేపటికి ఆమె లేచి కొళాయి దగ్గరి సబ్బు తెచ్చింది. వాచిన కణుపు మీదుగా ఉంగరం మెల్లగా జారింది. ఆమె అరచెయ్యి చాచింది. ఆయన ఒక్క క్షణం ఆగి అందులో పెట్టాడు.

"నలుపు విప్పు ముందు" అంది ఆమె.

"తెలుసులేవే" అన్నాడు. విప్పి, ఆ తీగను పక్కకు వంచి ఉంచాడు. ఎరుపు బిగించి, దానిమీద మూత నొక్కి, చివరికి నలుపు బిగించాడు. తాళం తిప్పగానే బండి ఒక్క ఊపున అందుకుంది.

చేతులు కడుక్కొచ్చి ఆయన వేలు చాచాడు. ఆమె ఉంగరం తొడిగింది. ఇద్దరికీ ఒకే మాట గుర్తొచ్చింది.

"ఇప్పుడు మీ అమ్మ ఉంటే ఏమనేదో..."

"తెలుసు నాన్నా" అంది ఆమె. ఆ మాటను ఇద్దరిలో ఎవరూ పైకి అనలేకపోయారు. ఇంజను మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంది.