పన్నుకొక్క మాట

ఎర్రవలసలో దారి తెలియని మనిషి కనిపించడు. దారి తప్పిన మనుషులు మాత్రం రోజూ కనిపిస్తారు. అంగారకుడి మీద మనవాళ్లు కట్టుకున్న ఈ ఊరంటే నాలుగు గాజు గుమ్మటాలు, వాటిని కలిపే సొరంగాలు. కొత్తగా దిగినవాడు ఏ మలుపులోనైనా నిలబడి "రెండో గుమ్మటానికి ఎటు వెళ్లాలండీ" అని అడిగితే, ప్రతివాడూ ఆగి, చెయ్యి చాచి, ధీమాగా ఒక వైపు చూపిస్తాడు. ముగ్గురినడిగితే మూడు దారులు. నాలుగోవాడు ఆ ముగ్గురినీ తప్పుపట్టి, సొరంగమే లేని వైపు చూపిస్తాడు.

దీనికంతటికీ కారణం పళ్లు.

భూమి మీద పన్ను అంటే రెండు అర్థాలుండేవి. రెండూ వసూలు చేసేటప్పుడు నొప్పే. ఎర్రవలసలో ఇంటిపన్ను లేదు, నీటిపన్ను లేదు, ఆదాయమే లేదు గనక దాని పన్నూ లేదు. ఉన్నవల్లా నోట్లో పన్నులే. వాటికే కష్టం వచ్చింది. ఎన్ని జల్లెడలు కట్టినా ఎర్రధూళి అన్నంలో పడుతుంది. ప్రతి ముద్దలోనూ పంటి కింద సన్నటి ఇసుక. భూమి మీద వేయించుకొచ్చిన పింగాణీ తొడుగులూ, లోహపు తొడుగులూ కొన్నేళ్లకే అరిగి చిల్లులు పడేవి. కొత్తవి కావాలంటే భూమి నుంచి ఓడ రావాలి. ఓడ వచ్చేసరికి పన్ను ఉండేది కాదు. ఒక్కోసారి పన్ను గలవాడూ ఉండేవాడు కాదు.

అలాంటి రోజుల్లో డాక్టర్ దంతులూరి హైమవతి పలుకిరీటం కనిపెట్టింది. ఇంటిపేరులోనే దంతం ఉండటం వల్ల ఆవిడకి వేరే చదువు చదివే స్వేచ్ఛ పుట్టుకతోనే పోయింది. పలు అంటే పన్ను, దాని మీద కిరీటం, వెరసి పలుకిరీటం. శాస్త్ర పరిభాషలో లివింగ్ క్రౌన్, సజీవ దంతకవచం. అరిగిపోయిన పాత తొడుగు తీసేసి ఆ చోట ఎనామెల్ కణాలను నాటుతారు. అవి బతికే ఉంటాయి, అరిగిన మేర మళ్లీ పెరుగుతాయి. పెరగడానికి కావలసిన శక్తిని మాటల కంపనం నుంచి తీసుకుంటాయి. మనిషి ఎంత మాట్లాడితే పన్ను అంత గట్టిపడుతుంది. ఎర్రవలసలో ఈ ఇంధనానికి ఎప్పుడూ కొరత రాలేదు.

లోపం ఒకటే. ప్రతి స్ఫటికానికీ ఒక అనునాదం, అంటే రెజొనెన్స్, ఉంటుంది. సరైన స్వరం తగిలితే గాజుగ్లాసు పగిలినట్టు, ఏదో ఒక మాట తగిలితే పలుకిరీటం కూడా పెటుక్కున విచ్చుకుంటుంది. ఆ మాట ఏదో మొదట్లో ముందుగా తేలేది కాదు. ఒకాయన పన్ను "ఉప్మా" దగ్గర పోయింది. ఇంకొకావిడ పన్ను భర్త పేరు దగ్గర పోయింది. ఆవిడ మళ్లీ మళ్లీ మార్పించుకుని, విసిగి, చివరికి మొగుణ్ణి "ఇదిగో" అని పిలవడం మొదలుపెట్టింది. ఆ విధంగా ముత్తవ్వల నాటి మర్యాద అంగారకుడి మీద తిరిగి మొలిచింది.

హైమవతి ఎంత పరిశోధించినా ఆ బలహీనతను తీసెయ్యలేకపోయింది. పక్కకి జరపగలిగింది. పన్ను నాటేటప్పుడు రోగి ఒక మాట ఎంచుకుని దాన్ని తనకు అలవాటైన తీరులన్నిటిలోనూ పలకాలి. మొలుస్తున్న పన్ను తన బలహీనతనంతా ఆ మాట దగ్గరే పోగుచేసుకుంటుంది. ఇక ఆ ఒక్కటీ మానేసి ఏం మాట్లాడినా భయం లేదు.

అదీ ఖర్చు. నోట్లు అక్కర్లేదు, నోట్లో మాట ఒకటి ఇస్తే చాలు. ఊరంతా మాట ఇచ్చి పన్ను కట్టించుకుంది.

పల్లా తవిటినాయుడు ఎర్రవలసకి గాలి ఇంజనీరు. ఊరు పీల్చే గాలి తయారవడం, గుమ్మటాల్లోకి వెళ్లడం, వాడిన గాలి తిరిగి రావడం, అన్నీ ఆయన చేతి కిందే. ఆయన పాత లోహపు తొడుగు అరిగిపోయి, ఎడమవైపు నమలడం మానేసి చాలాకాలమైంది. భార్య సూరీడమ్మ పోరు పడలేక ఆస్పత్రికొచ్చి కుర్చీలో పడుకున్నాడు.

"ఏ మాట వదులుకుందామనుకున్నారు నాయుడుగారూ" అంది హైమవతి.

"ఉప్మా ఇచ్చీగలను గాని, ఇక్కడ దొరికేదే అదొక్కటి. రేపటినుంచి దాన్ని ఏటని పిలవాల."

"'సరే' ఇచ్చీండి" అంది సూరీడమ్మ గుమ్మంలోంచి. "నాకాడ ఎలాగూ వాడరు."

"సరే, నువ్వు కాసేపు ఊరుకో."

"అదిగో, ఇప్పుడు వాడీసినారు. పోన్లెండి, అది ఉంచుకోండి."

డాక్టరు సూది సిద్ధం చేస్తూ, "ఊళ్లో ఎక్కువమంది 'తెలియదు' ఇచ్చారండీ" అంది. "ఇంజనీర్లయితే దాదాపు అందరూ అదే."

"మరి అది అవసరం పడదా."

"మీకెప్పుడైనా పడిందా."

నాయుడు నిజాయితీగా ఆలోచించాడు. "నాకు తెలియనిదేటుంది" అన్నాడు.

"అలా అనుకోవచ్చు, దానికేం కాదు. మనక్కావలసింది 'తెలియదు', 'తెలీదు', 'తెల్దు'. మూడూ పలకండి."

నాయుడికి మొదట నోరు తిరగలేదు. రెండోసారి నత్తి వచ్చింది. మూడోసారికి స్పష్టంగా పలికాడు. సూరీడమ్మ దగ్గరకొచ్చి, సరిగ్గా వినబడలేదు, మళ్లీ అనమంది. పెళ్లయ్యాక ఆ మాట ఆ నోట వినడం ఆవిడకదే మొదలు.

పన్ను బ్రహ్మాండంగా కుదిరింది. నాయుడు రెండువైపులా నమిలాడు, నాలుగువైపులా మాట్లాడాడు.

గాలిగదిలో ఆయనకి చేదోడు ఒక యంత్రం. దాని అసలు పేరు వాయునియంత్రిక. అంత పేరు పలికేలోపు ఊపిరి అయిపోతుందని ఊరు గాలమ్మ అని పిలిచింది. గుమ్మటాల్లో జనం మాట్లాడుకునేదంతా వింటూ, అచ్చం వాళ్లలాగే మాట్లాడటం గాలమ్మ నేర్చుకుంది. అడిగినదానికి తడుముకోకుండా జవాబు చెప్పేది. ఆ గుణం చూసి ఊరు మురిసిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం మూడో గుమ్మటంలో సన్నగా ఈల మొదలైంది. గోడలోంచా, గొట్టంలోంచా అన్నది అంతుపట్టకుండా, ఆగి ఆగి వస్తోంది. ఊళ్లో సగం కాపురాలు ఆ గుమ్మటంలోనే. సూరీడమ్మ కూడా అక్కడే, గాజుకప్పు కింద ఎండ తగిలే చోట వడియాలు పెడుతోంది.

గాలిగదిలో ఇంజనీర్లంతా చేరారు.

"వాల్వు వదులైంది సార్" అంది షిఫ్టు ఇంజనీరు అప్పలకొండ. "బిగించీమంటే బిగించీస్తాను."

వెనకున్నాయన అడ్డం వచ్చాడు. "వాల్వు కాదు, గొట్టంలో ధూళి. పీడనం పెంచి ఊదీయాల."

"అతుకు విడుతోందండీ. పీడనం తగ్గించాల" అన్నాడు కిటికీ దగ్గరున్నాయన.

"మీరెవరూ సరిగ్గా వినలేదు. అది పంకా బేరింగు" అన్నాడు నాయుడు. అన్నాక, అలా అని తనకెవరు చెప్పారో గుర్తు తెచ్చుకోబోయాడు. ఎవరూ చెప్పలేదు.

చిక్కు ఏమిటంటే, అతుకు విడుతున్నప్పుడు పీడనం పెంచితే గుమ్మటం పేలుతుంది. వాల్వు వదులైనప్పుడు పీడనం తగ్గిస్తే లోపలివాళ్లకి గాలాడదు. నాలుగు సలహాల్లో తప్పుదాన్ని పట్టుకుంటే సగం ఊరు మిగలదు.

"గాలమ్మా, ఆ ఈలేటి" అన్నాడు నాయుడు.

"ధూళి పేరుకుంది బాబూ. పీడనం పెంచండి."

నాయుడు పీడనం చక్రం మీద చెయ్యి వేశాడు. తిప్పబోతూ ఆగాడు. "ఖాయమేనా."

"ఖాయం బాబూ. వాల్వు వదులైంది. బిగించండి."

"ఇందాక ధూళన్నావు."

"అవును బాబూ. అతుకు విడుతోంది. పీడనం తగ్గించండి. నాకు తెలియనిదేటుంది."

నాయుడు చక్రం మీంచి చెయ్యి తీసేశాడు. ఆ చివరి మాట తనదే. విరుపూ తనదే. ఊళ్లో వినబడని మాటను ఊరి దగ్గర మాట నేర్చుకున్న యంత్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది. 'తెలియదు' అన్నది గాలమ్మ నోటికి రాకపోవడం కాదు, అసలు చెవికే రాలేదు. గదిలో ఇంతమంది ఉన్నారు, ఒక యంత్రం ఉంది, ఆ మాట అనగలిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

ఇలాంటి సమయానికే ఊరు కట్టినవాళ్లు ఒక ఏర్పాటు చేశారు. గాలి ఇంజనీరు తన నోటితో "కారణం తెలియదు" అంటే చాలు, సైరన్ మోగుతుంది, ఆ గుమ్మటంలో వాళ్లంతా పక్క గుమ్మటంలోకి వెళ్లిపోవాలి. దానికి బొత్తాం పెట్టలేదు. బొత్తామైతే ఎవరో ఒకరు పొరపాటున ఆనుకుంటారు, మాటైతే ఆలోచించి అంటారు అనుకున్నారు. పలుకిరీటాలు వచ్చాక ఆ సైరన్ ఒక్కసారీ మోగలేదు. ఊరెంత క్షేమంగా ఉందో చెప్పడానికి సభల్లో దీన్నే రుజువుగా చూపించేవారు.

నాయుడు నాలుకతో పన్ను తడుముకున్నాడు. బలహీనతంతా ఒక్క మాట దగ్గరే పోగైంది గనక, ఇది పగిలితే మొదటి రోజుల పళ్లలా కాక చిగురు కింద వేళ్లదాకా విచ్చుకుంటుందనీ, ఆ చోట మరి మొలవదనీ డాక్టరు చెప్పింది. ఆ నొప్పికి ఇద్దరు పట్టుకున్నా మనిషి నిలవడని విన్నాడు. అంతకంటే, అందరూ చూస్తున్నారు.

"కారణం పరిశీలనలో ఉంది" అన్నాడు సైరన్ మైకులో.

సైరన్ పలకలేదు.

"కారణం త్వరలో తెలియజేయబడుతుంది."

పలకలేదు.

"కారణం ఇంకా ఒక కొలిక్కి రాలేదు."

ఈల కొంచెం పెద్దదైంది. మూడో గుమ్మటాన్ని చూపించే తెర మీద సూరీడమ్మ తలెత్తి కప్పు వైపు చూసి, మళ్లీ వంగి వడియం పెట్టింది.

నాయుడు రెండు చేతులతోనూ దవడ పట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"కారణం తెలియదు" అన్నాడు.

సైరన్ మోగింది. ఆయన ఆగలేదు. "నాకు తెలీదు. అప్పలకొండా, నాకు తెల్దు. ఆ బేరింగు మాట నేనెందుకన్నానో అదీ తెల్దు." ఎన్నాళ్లుగానో పోగుపడ్డవి ఒక్కసారిగా బయటికొచ్చినట్టు అంటూనే ఉన్నాడు. గదిలోవాళ్లు ఆయన నోటివైపు చూస్తూ కొంచెం వెనక్కి జరిగారు.

మూడో గుమ్మటం జనం విసుక్కుంటూ బయటికొచ్చారు. సూరీడమ్మ వడియాల గుడ్డ నాలుగు కొసలూ ఎవరెవరిచేతో పట్టించి, అదీ బయటికి తెచ్చింది. ఆఖరి మనిషి దాటాక తలుపు మూసుకుంది. కాసేపటికి గుమ్మటం కింద నేల ఒక పక్కకి కుంగి, గాజుగోడ ఒరిగి, పగిలి, లోపలి గాలంతా ఒక్క ఊపున ఆకాశంలోకి పోయింది. వాల్వు బాగానే ఉంది. గొట్టం శుభ్రంగా ఉంది. అతుకులు గట్టిగానే ఉన్నాయి, పగిలిన గాజుని అవే పట్టుకుని వేలాడుతున్నాయి. నేల సంగతి ఎవరూ అనలేదు.

సూరీడమ్మ సొరంగంలో ఎదురొచ్చింది. "నేల కుంగుతాదని మీకు ముందే తెలుసేటండీ."

"తెల్దు" అన్నాడు నాయుడు.

ఆవిడ ఆయన చెంప వైపు చూసింది. "మరి పన్నో."

అప్పుడు గుర్తొచ్చి నాయుడు చెంప తడుముకున్నాడు. పన్ను ఉంది. గట్టిగా ఉంది.

మర్నాడు హైమవతి ఆయన్ని కుర్చీలో పడుకోబెట్టి పన్నును తట్టి చూసింది, దీపం వేసి చూసింది, భూతద్దంలో చూసింది. ఎక్కడా గీత లేదు.

"మళ్లీ అనండి."

"తెలియదు. తెలీదు. తెల్దు."

ఏమీ కాలేదు.

"ఇప్పుడంటే మూడుసార్లే పలికాను" అన్నాడు నాయుడు. "నిన్న లెక్కలేనన్నిసార్లు అనీసాను. పగలాల గదా డాక్టరుగారూ. ఎందుకు పగల్లేదు."

హైమవతి భూతద్దం కింద పెట్టింది. ఆవిడ నాలుక ఒకసారి కుడి బుగ్గ లోపలికి వెళ్లి, అక్కడ తన పన్నొకదాన్ని తడిమి, తిరిగొచ్చింది. తర్వాత ఒక స్టూలు దగ్గరికి లాక్కుని వివరంగా చెప్పడం మొదలుపెట్టింది. భయం వేసినప్పుడు దవడ బిగుసుకుంటుంది గనక కంపనం పంటిదాకా చేరదంది. స్ఫటికం పొరల అమరిక గురించి చెప్పింది, లాలాజలం చిక్కదనం గురించి చెప్పింది, అంగారకుడి గురుత్వం గురించి కూడా చెప్పింది. గోడ మీద బొమ్మ గీసి బాణాలు వేసింది. కొంతసేపటికి, భయం వేసినప్పుడు దవడ వదులవుతుంది గనక కంపనం చెదిరిపోతుందంది. గొంతులో ఎక్కడా తడబాటు లేదు.

నాయుడు మధ్యలో అడ్డం రాలేదు. అంతసేపు ఒకళ్లు చెప్పింది వినడం ఆయనకి అలవాటు లేదు. ఆ ధీమా, ఆ విరుపు, ఒక వాక్యం మీంచి ఇంకో వాక్యం మీదికి ఊపిరాడకుండా దాటిపోయే ఆ తీరు మాత్రం బాగా అలవాటైనట్టే తోచింది.

"ఇప్పుడు తెలిసిందా నాయుడుగారూ" అంది హైమవతి సుద్దముక్క కింద పెట్టి.

నాయుడు కుర్చీలోంచి లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

"తెలిసిందమ్మా" అన్నాడు.