ఒకసారి కళ్ళార్పండి

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో ఎమోజీలు పెడితే బ్లాక్ చేసేస్తా.

రామచంద్రపురం అవతల మా అమ్మ పనిచేసే వరి రీసెర్చ్ సెంటర్ తెలుసుగా. పసుపు బిల్డింగ్, ముందు ట్రేల్లో నారు, వెనకాల కాలవ. పట్టపగలు కూడా నిద్రొచ్చేస్తుంది అక్కడ. వరదలో మునిగినా చావని వరి మీద అమ్మ నా చిన్నప్పట్నుంచీ పనిచేస్తుంది. ప్రాజెక్ట్ మాత్రం ఉదయభాస్కర్ గారిది. ఆయన లీడరు, అమ్మ కాంట్రాక్టు. గ్రాంట్ వస్తే అమ్మకి ఉద్యోగం ఉన్నట్టు, రాకపోతే లేనట్టు.

కాయితాల రోజుల్లో అమ్మ అప్లికేషన్ అంతా చేత్తో రాసుకుని సంతకం కోసం ఆయన టేబుల్ దగ్గర నిలబడేది. ఎదురుగా కుర్చీ ఖాళీగానే ఉండేది. కూర్చోమని ఒక్కసారి కూడా అనలేదాయన. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. జర్దా కిళ్ళీ నవుల్తూ, "ఉండమ్మా" అనేసి ఫోన్ మాట్లాడుకునేవాడు. అమ్మ ఉండేది.

తర్వాత అన్నీ ఆన్‌లైన్ చేశారు. ఇంక నిలబడక్కర్లేదని ఎంత సంబరపడిందో పిచ్చిది. అకౌంట్ మళ్ళీ ఆయన పేరు మీదే. టైపింగ్ అమ్మది. చివర్లో ఆయన కెమెరాకి మొహం చూపిస్తేనే సబ్మిట్ అవుద్ది.

ఆర్నెల్ల కిందట ఆయన గుండెపోటుతో పోయారు. కొత్త లీడర్ని వెయ్యలేదు. ఆయన పోయిన నెల్రోజులకి అప్లికేషన్ పెట్టడానికి ఆఖరు రోజు వచ్చేసింది. నేను కాలేజీ ఎగ్గొట్టి అమ్మతో వెళ్ళా.

హెల్ప్‌లైన్‌కి కొట్టి స్పీకర్లో పెట్టా.

"లీడర్ని మార్చాలంటే పాత లీడర్ గారు లాగిన్ అయి ఓకే చెయ్యాలండి సత్యవాణి గారూ."

"ఆయన చనిపోయారండి," అంది అమ్మ.

"అయ్యో. అయితే డెత్ సర్టిఫికెట్ పెట్టాలండి."

"ఎక్కడ పెట్టాలండి?"

"ఆయన లాగిన్‌లోనే అండి. మొహం వెరిఫై చేసి."

నేను ఫోన్ లాక్కుని, "ఆయన్ని ఎక్కణ్ణుంచి తెమ్మంటారు సార్, గోదాట్లోంచా?" అన్నా. పెట్టేశాడు.

అమ్మ ఏడవలేదు. కిటికీలోంచి నారు వంక చూస్తుంది. "నేను లేకపోతే అవన్నీ పారబోస్తారే," అంది.

అప్పుడు కనబడింది గోడ మీద ఆయన ఫొటో. దండేసి, బొట్టు పెట్టి.

"అమ్మా, ఇదుందిగా."

"తప్పే వినీలా."

"నువ్వు రాసిందానికి ఇన్నేళ్ళు ఆయన పేరు పెట్టుకోడం తప్పు కాదా? ఒక్కసారి ఆయన మొహం కూడా నీకు పనికిరానీ."

దించేశా.

కంప్యూటర్ ఆయన గదిలోనే ఉంది. తాళం తీయగానే కిళ్ళీ వాసన. నెల్రోజులు మూసున్న గది... అప్పుడే నమిలినట్టు, తడితడిగా వాసన. బయట మబ్బు కమ్మేసింది. మధ్యాహ్నమే లోపల చీకటైపోయింది. ఆకు కదల్లేదు. కాలవ చప్పుడు కూడా లేదు.

ఫొటోని ఆయన కుర్చీలో నిలబెట్టి కెమెరా తిప్పా. స్క్రీన్ మీద గుండ్రటి గీతలో ఆయన మొహం వచ్చింది.

మొహం సరిపోయింది. ఒకసారి కళ్ళార్పండి.

అయిపోయింది అనుకున్నా. ఫొటో కళ్ళెలా ఆర్పుద్ది? అంత దూరం ఆలోచించలేదు నేను. మౌస్ వదిలేశా.

గ్రీన్ టిక్ పడింది.

ఫొటో వంక చూశా. కళ్ళు తెరిచే ఉన్నాయి.

స్క్రీన్ వంక చూశా...

మూసుకుని ఉన్నాయి.

తల కుడివైపు తిప్పండి, అని వచ్చింది.

నేను చూళ్ళేదు. ఒట్టు, చూళ్ళేదు. కుర్చీ కిర్రుమంది, అంతే విన్నా. అప్లికేషన్ వెళ్ళిపోయింది.

"అమ్మా, పద."

అమ్మ టేబుల్‌కి ఇవతల నిలబడుంది. అప్పట్లో నిలబడే చోటే. చేతులు కట్టుకుని.

"ఉండమన్నారే," అంది గుసగుసగా.

"ఎవరు?"

అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశా.

గ్రాంట్ వచ్చింది. లీడరు ఉదయభాస్కర్ గారు, ఆయన కింద అమ్మ. ఎవరూ ఏమీ అడగలేదు, పోర్టల్ ఒప్పుకుంది కదా. నారు బతికింది. అమ్మ ఉద్యోగం బతికింది. నేనే గెలిచా అనుకున్నా.

ఇప్పుడు జీతం పడాలంటే నెలకోసారి అమ్మ మొహం కూడా చూపించాలి. నిన్న పొద్దున్నే మా ఇంట్లో, హాల్లో కుర్చీలో కూర్చుని లాప్‌టాప్ తెరిచింది.

ఒకరికంటే ఎక్కువమంది కనిపిస్తున్నారు. ఒక్కరే ఉండండి.

నేను వంటింటి గుమ్మంలో ఉన్నా. అమ్మ వెనకాల గోడకి ఏసుప్రభువు కేలండర్ ఉంది, దాన్ని చూసి లాప్‌టాప్ అలా అంటుందేమోనని తీసేశా. మళ్ళీ అదే. ఒక్కరే ఉండండి.

మా ఇంట్లో ఎవరూ కిళ్ళీ వెయ్యరు. వాసన వచ్చింది.

"అమ్మా, మూసెయ్."

"జీతం ఆగిపోద్దే," అంది మెల్లిగా.

అని కుర్చీలోంచి లేచింది. పక్కకి జరిగి, చేతులు కట్టుకుని నిలబడింది. గుండ్రటి గీతలో ఖాళీ కుర్చీ...

ఒకసారి కళ్ళార్పండి, అని వచ్చింది.

గ్రీన్ టిక్ పడింది.