పదకొండో నిమిషం బియ్యం

ఉదయపత్రంలో "మనసు ఎలా ఉంది?" అన్న గడి పక్కన "మామూలు" మీద వేలు పెట్టి, పైడిశ్రీ ప్రమాణాసనంలో కూర్చుంది. నాడిని కొలిచే స్పందపట్టీ మణికట్టుకు బిగుసుకుంది. కొమ్మాది కథాకర్మాగారంలో ఆ రోజు మొదటి కథ చంద్రుడి మీద ఒక గనిలో మొదలైంది.

పదకొండో నిమిషం రానే వచ్చింది. అప్పటిదాకా రాళ్ళు పేలుస్తున్న నాయిక శిరస్త్రాణం తీసి పక్కన పెట్టి, గిన్నెలో బియ్యం కడగడం మొదలుపెట్టింది. చంద్రుడి మీద అందరూ గొట్టాల్లో గుజ్జు తిని బతుకుతారని మొదటి నిమిషంలోనే చెప్పారు. మరి ఈ బియ్యం ఎక్కడివో ఎవరూ అడగలేదు. ఫోన్ మోగింది. నాయిక తడిచేత్తోనే ఎత్తింది. భర్త ప్రమాదంలో ఉన్నాడట. ఆమె ముఖాన్ని మూడుసార్లు, మేస్త్రీ ముఖాన్ని మూడుసార్లు, ఈ గొడవతో ఏ సంబంధమూ లేని కాపలాదారు ముఖాన్ని కూడా మూడుసార్లు చూపించారు. పైడిశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కథ ఎంత నచ్చిందో చెప్పే తృప్తాంకం గోడ మీద తొంభై రెండుకు చేరింది.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఉల్లిపాయ కోసినా కళ్ళలో నీళ్ళు వస్తాయి, అంతమాత్రాన ఉల్లిపాయ గొప్పగా నటించినట్టా? పన్నెండేళ్ళుగా రోజుకు నాలుగు కథలు చూస్తోంది. వాటిలో మనుషులకు ఉద్యోగాలు ఉంటాయి గాని పని ఉండదు. బాధ వస్తే, బాధగా ఉందని చెప్పి మరీ ఏడుస్తారు. దుర్మార్గుడికి చిన్నప్పుడు ఎవరో అన్నం పెట్టలేదని ఒక గతం తగిలించి చేతులు దులుపుకుంటారు. మొదట్లో బాగాలేదని చెప్పి చూసింది. నోటిమాట నమ్మదగిన ఆధారం కాదని, నాడి చాలునని జవాబు వచ్చాక చెప్పడం మానేసింది.

ఆ రోజుతో ఈ పని కూడా అయిపోతుంది. మధ్యాహ్నం ఆమె పన్నెండేళ్ళ నాడిని శాశ్వత ప్రమాణంగా ముద్రవేస్తారు. ఇక ఆసనంలో మనిషి అక్కర్లేదు. తెలుగులో రాబోయే ప్రతి కథనూ కథాయంత్రం ఆ కొలతకే అల్లుతుంది. గేటు దగ్గర "పైడిశ్రీ ప్రమాణం" అని ఫలకం కూడా సిద్ధమైంది. కథలంటే ఎంత విసుగున్నా ఫలకమంటే ఆమెకు ముచ్చటే. వీధిలో అందరికీ వారం ముందే చెప్పుకుంది.

భోజనాల తరవాత, కొలతలు చూసే మాపనాధికారి త్రినాథ్ వచ్చాడు. ముద్రకు ముందు ఒక తంతు ఉందన్నాడు. పన్నెండేళ్ళలో అన్నిటికంటే ఎక్కువ తృప్తాంకం వచ్చిన క్షణాన్ని చూపిస్తారు. అది తనదేనని ఆమె బొటనవేలి ముద్ర వేయాలి. ఆ క్షణాన్ని మూలబిందువు అంటారని, ఇన్నేళ్ళ కథలన్నీ దాని నుంచే పుట్టాయని అతను గర్వంగా చెప్పాడు.

గోడ మీద ఒక పాత కథ తెరుచుకుంది. అదీ పదకొండో నిమిషమే. ఒక గృహిణి బియ్యం కడుగుతోంది. ఫోన్ మోగితే ఎత్తి, వచ్చేటప్పుడు కరివేపాకు తెమ్మని మొగుడికి చెప్పింది. అంతే. అందులో ఏడవాల్సిందేమీ లేదు. తృప్తాంకం మాత్రం తొంభై తొమ్మిది.

పైడిశ్రీ తేదీ చూసింది. అది అక్క రమణమ్మ పోయిన మూడో రోజు. అప్పటికి ఆమె ఈ పనిలో చేరి నెల కూడా కాలేదు. సెలవు అడిగితే ఆసనం ఇంకొకరికి ఇచ్చేస్తారని భయపడి, ఆ పొద్దున కూడా ఉదయపత్రంలో "మామూలు" మీదే వేలు పెట్టింది. తరవాత తెర మీద ఎవరో బియ్యం కడుగుతుంటే వెక్కివెక్కి ఏడ్చింది. బాధగా ఉందని పెట్టి ఉంటే ఆ రోజు నాడిని లెక్కలోకి తీసుకునేవారు కారు; "మామూలు" అని ఉండడంతో యంత్రం అది కథ గొప్పతనమనుకుంది.

పన్నెండేళ్ళుగా తాను తిట్టుకుంటున్న చెత్తంతా తన అబద్ధం నుంచే మొలిచింది. ఆమెకు సిగ్గేసింది. వేలిముద్ర వేసేస్తే ఎవరికీ తెలియదు, ఫలకం లేస్తుంది. చంద్రుడి మీదా సముద్రం అడుగునా ఆడవాళ్ళు బియ్యం కడుగుతూనే ఉంటారు. ఇంకో తరం దాన్నే కథ అనుకుంటుంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వెయ్యను త్రినాథ్. ఆ ఏడుపు నాది. ఈ కథది కాదు."

అక్క పోయిన సంగతీ, ఆ పొద్దున "మామూలు" అని పెట్టిన సంగతీ అతనికి చెప్పింది. ఉదయపత్రంలో అబద్ధం తేలితే ఆమె నాడి మొత్తం రద్దవుతుందని, ఆసనం పోతుందని, ఫలకం పెట్టరని అతను మెల్లగా చెప్పాడు. సరేనంది. అబద్ధం రాశానని స్పష్టంగా చెప్పి నమోదు చేయించి, దాని కింద బొటనవేలి ముద్ర వేసింది. గోడ మీద అంకె మాయమైంది. ప్రసారానికి వరసలో ఉన్న కథలన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. పై అంతస్తు నుంచి త్రినాథ్‌కు పిలుపుల మీద పిలుపులు రావడం మొదలైంది.

"దీని మీద ఎన్ని వేల కథలు నిలబడ్డాయో మీకు తెలుసా మేడం?"

"తెలీకేటి? అన్నీ చూసింది నేనే కదా."

అతను ఆమె మణికట్టు నుంచి పట్టీ విప్పాడు. అసలు ఆ రోజు ఏం గుర్తొచ్చి ఏడ్చారని అడిగాడు. ఉద్యోగపు ప్రశ్న కాదది, తెలుసుకోవాలని అడిగాడు. పైడిశ్రీ చెప్పడం మొదలుపెట్టింది. అక్క గాజువాకలో ఆటో నడిపేది. అమ్మ కుట్టుమిషను ఎవరికన్న గొడవతో అక్కాచెల్లెళ్ళకు నాలుగేళ్ళు మాటల్లేవు. అక్క పోవడానికి ముందు ఒక సాయంత్రం తాను కుళాయి దగ్గర బియ్యం కడుగుతుంటే ఫోన్ మోగింది. చూస్తే అక్క పేరు.

"మీ కథల్లో అందరూ ఫోన్ ఎత్తుతారు బాబూ. నేను ఎత్తలేదు. చేతులు తడిగా ఉన్నాయి, కాసేపు ఎదురుచూడనీ అనుకున్నాను."

త్రినాథ్ జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. దాన్ని ఆపేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"తరవాత?" అన్నాడు.